రంది, బుగులు, పరేషాన్: అశ్వగంధ వీటిలో దేనికి పనిచేస్తుంది?

గోదావరిఖనిలో ఒక క్వార్టర్. పొద్దున ఎనిమిది కావస్తోంది. రాత్రి షిఫ్ట్ చేసి వచ్చిన కార్మికుడు స్నానం చేసి, ఇంత తిని, గోరువెచ్చటి పాలలో చెంచాడు పొడి వేసి కలుపుకుంటాడు. పొడి తొందరగా కలవదు. సగం గ్లాసు అడుక్కి దిగుతుంది, సగం నురగలో చిన్న ఉండలుగా తేలుతుంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే గుర్రపుశాల గుర్తొచ్చే వాసన. ఆ వాసన వల్లే దానికి అశ్వగంధ అన్న పేరు వచ్చింది. తెలుగులో పెన్నేరు. "మంచిగ నిద్ర పడుతది, టెన్షన్ తగ్గుతది" అని తోటి కార్మికుడు చెప్పిన మాట మీద నెల రోజులుగా తాగుతున్నాడు. తాగి పడుకుంటాడు. కిటికీకి పరదా లేదు. పదకొండున్నరకు ఎండ మొహం మీద పడి మెలకువ వచ్చేస్తుంది.

ఇదే వేరు హన్మకొండలో బ్యాంకు ఉద్యోగి బ్యాగులో క్యాప్సూల్‌గా ఉంటుంది. మడికొండ ఐటీ కంపెనీల్లో పనిచేసే పిల్లలు ఆన్‌లైన్‌లో తీపి గమ్మీలుగా తెప్పించుకుంటారు. సిరిసిల్లలో సాంచాల (మరమగ్గాల) మధ్య పూటంతా నిలబడే కార్మికుడు మూలికల దుకాణంలో పొట్లం కట్టించుకుంటాడు. ఆర్టీసీ డ్రైవర్ ఇంట్లో అది అరిష్టం సీసా. వేరు ఒకటే. కానీ ఒక్కొక్కరి కడుపులోకి పోయే మోతాదు వేరు, ఒక్కొక్కరు పోగొట్టుకోవాలనుకునే బాధ వేరు. మూలికల మీద జరిగే వాదనలన్నీ ఈ రెండు తేడాలనూ దాటేసి, "పనిచేస్తుందా, చేయదా" అనే ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంటాయి.

బాధ సంగతి ముందు చూడాలి. ఉత్తర తెలంగాణలో మనసు బాగా లేకపోవడానికి జనం వాడే మాటలు డాక్టర్ల పుస్తకాల్లోని మాటలకన్నా తేటగా ఉంటాయి. పరేషాన్ అంటే పని, అప్పు, టార్గెట్, పిల్లల ఫీజు, పైఅధికారి మాట. కారణం బయట ఉంటుంది, అది తీరితే మనిషి తేలిక పడతాడు. బుగులు అంటే గుండె దడదడలాడటం, చేతులు చెమటలు పట్టడం, ఏదో అయిపోతుందన్న భయం. రంది వేరు. రంది పట్టుకున్న మనిషికి తిండి సయించదు, నలుగురిలో కూర్చోబుద్ధి కాదు, తెల్లవారుజామున మెలకువ వచ్చి పైకప్పు చూస్తూ పడుకుంటాడు, బతుకు మీదనే ఇష్టం సన్నగిల్లుతుంది. డాక్టర్లు డిప్రెషన్ అనేదానికి బాగా దగ్గరగా ఉండేది ఈ రందే. ఇంట్లో వాళ్ళు మూడింటినీ కలిపి "టెన్షన్" అనేస్తారు. దుకాణంలో టెన్షన్ అనగానే చేతిలో పెట్టేది అశ్వగంధ. తప్పు అక్కడే మొదలవుతుంది. ఈ వేరు మీద జరిగిన పరీక్షలు ఎక్కువగా పరేషాన్‌కు సంబంధించినవి, రందికి సంబంధించినవి కావు.

బాధ చిన్నది కాదు. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో దేశంలో పెద్దవాళ్ళలో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉన్నట్టు తేలింది. రుగ్మతను బట్టి నూటికి 70 నుంచి 92 మందికి వైద్యమే అందడం లేదని అదే సర్వే చెప్పింది. వైద్యం అందని ఆ ఖాళీలోకే చూర్ణం డబ్బా వచ్చి కూర్చుంది. మానసిక వైద్యుడి దగ్గరికి పోతే నలుగురూ ఏమనుకుంటారో అన్న భయం. పోదామన్నా ఒక మస్టర్ పోతుంది, ఒక రోజు కూలి పోతుంది. మూలికకు ఆ బాధలేవీ లేవు. కిరాణం సామానుతో పాటు తెచ్చుకోవచ్చు, ఎవరూ అడగరు. అందుకని మూలిక కొనేవాళ్ళను తెలివితక్కువవాళ్ళని అనడం అన్యాయం. ఉన్నంతలో వాళ్ళు ఒక దారి వెతుక్కుంటున్నారు.

పెన్నేరు గురించి పాత గ్రంథాలు ఏమన్నాయో చూస్తే ఒక సంగతి ఆశ్చర్యంగా అనిపిస్తుంది. చరక సంహితలో అశ్వగంధను బలం ఇచ్చేవాటిలో, ఒంటికి కండ పట్టించేవాటిలో చేర్చారు. బుద్ధికి, జ్ఞాపకశక్తికి మేలు చేస్తాయని ప్రత్యేకంగా చెప్పిన మేధ్య రసాయనాలు నాలుగు: మండూకపర్ణి, అతిమధురం, తిప్పతీగ, శంఖపుష్పి. ఆ నాలుగింటిలో అశ్వగంధ లేదు. చిక్కిపోయి, నీరసించి, నిద్ర పట్టని మనిషికి పాలతో ఇచ్చే బలవర్ధకంగానే దానికి పేరు. శాస్త్రనామంలోని రెండో మాట 'సోమ్నిఫెరా' అంటే కూడా నిద్ర తెచ్చేది అనే అర్థం. అలసిన ఒంటికి నిద్ర అన్న పాత లెక్కే, కొత్త పరీక్షల్లో కాస్త నిలబడింది.

ఆ పరీక్షల్లో అందరూ చూపించేది 2012లో హైదరాబాద్‌లో జరిగినది. చాలాకాలంగా ఒత్తిడిలో ఉన్న 64 మందిని రెండు జట్లుగా చేశారు. ఒక జట్టుకు అశ్వగంధ వేరు సారం 300 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, 60 రోజులు ఇచ్చారు. ఇంకో జట్టుకు చూడటానికి అలాగే ఉండే ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. ఎవరికి ఏది ఇచ్చారో మాత్ర వేసుకునేవాళ్ళకు తెలియదు. ఒత్తిడిని కొలిచే ప్రశ్నల పట్టికలో అశ్వగంధ జట్టు మార్కులు 44 శాతం తగ్గాయి. ఉత్తుత్తి మాత్ర జట్టులో తగ్గింది 5.5 శాతం. ఒత్తిడిలో ఒంట్లో పెరిగే కార్టిసాల్ అనే హార్మోన్ కూడా మొదటి జట్టులో దాదాపు 28 శాతం తగ్గింది.

అంకెలు వినడానికి గొప్పగా ఉన్నాయి. కానీ 5.5 అన్న అంకె దగ్గర ఆగాలి. ఒత్తిడి మీద చేసే పరీక్షల్లో ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళకు కూడా మామూలుగా బాగానే తగ్గుతుంది. ఎవరో పిలిచి కూర్చోబెట్టి, ఎలా ఉన్నావని అడిగి, నెలనెలా చూస్తుంటే సగం బరువు అలాగే దిగుతుంది. అలాంటిది ఇక్కడ దాదాపు ఏమీ తగ్గలేదంటే, రెండు జట్ల మధ్య తేడా ఉన్నదానికన్నా పెద్దదిగా కనపడి ఉండొచ్చు. పైగా ఇలాంటి పరీక్షలు చాలావరకు సారం తయారుచేసే కంపెనీల సాయంతో జరిగినవే, చిన్నవే, రెండు మూడు నెలలకు మించనివే. 2021లో నిద్ర మీద జరిగిన ఐదు పరీక్షలను, మొత్తం 400 మందిని, ఒకచోట చేర్చి చూశారు. అశ్వగంధతో నిద్ర మెరుగుపడిన మాట నిజమే, కానీ ఆ మేలు చిన్నది. రోజుకు 600 మిల్లీగ్రాములు, ఎనిమిది వారాలు వాడిన చోట కాస్త ఎక్కువగా కనిపించింది. న్యాయంగా చెప్పాలంటే సంగతి ఇంతే: పరేషాన్‌లో ఉన్న, మిగతా ఆరోగ్యం బాగున్న మనిషికి సరైన సారం రెండు నెలలు వాడితే నిద్రలో, చిరాకులో కొంత తేడా రావచ్చు. అది తక్కువ మేలేమీ కాదు. కానీ బతకాలని లేదు అనుకునే మనిషికి డాక్టర్ బదులు ఇచ్చేంత బలం ఆ రుజువుకు లేదు.

ఇక మోతాదు. పరీక్షలో ఇచ్చిన సారంలో విథనోలైడ్లు అనే పదార్థాలు కనీసం 5 శాతం ఉన్నాయి. అంటే రోజుకు 600 మిల్లీగ్రాముల్లో 30 మిల్లీగ్రాముల విథనోలైడ్లు. మామూలు వేరు పొడిలో ఇవి నూటికి ఒక వంతు కూడా ఉండవు. లెక్క కోసం అర శాతం అనుకుందాం. మూడు గ్రాముల చెంచాలో 15 మిల్లీగ్రాములు. ఆయుర్వేదంలో చూర్ణం మోతాదు రోజుకు 3 నుంచి 6 గ్రాములు. ఆరు గ్రాములు తీసుకుంటే సరిగ్గా 30 దగ్గరికి వస్తుంది. పాతవాళ్ళ లెక్క ఊరికే పెట్టింది కాదనిపిస్తుంది. చిక్కేమిటంటే ఆ అర శాతం మనం అనుకున్నదే. పొట్లంలో వేరు ఎన్నాళ్ళది, ముదురుదా లేతదా, అందులో ఇంకేమైనా పొడి కలిసిందా అనేదాన్ని బట్టి అది మారిపోతుంది. పొట్లం మీద ఏ అంకె ఉండదు.

డబ్బా మీద అంకెలు ఉంటాయి, కానీ వాటిని చదవడం తెలియాలి. "10:1" అని ఉంటే పది కిలోల వేరు నుంచి కిలో సారం తీశారని అర్థం. అందులో విథనోలైడ్లు ఎంత మిగిలాయో ఆ అంకె చెప్పదు. విథనోలైడ్ల శాతం విడిగా రాసి ఉందా, అది వేరు సారమా లేక వేరూ ఆకూ కలిపిన సారమా అన్నవి చూడాలి. ఆకు చవక. ఆకులో విథాఫెరిన్-ఎ అనే ఘాటైన పదార్థం ఎక్కువ. అందుకే ఆకు కలిపితే శాతం అంకె తేలిగ్గా పెరుగుతుంది. మన గ్రంథాల్లో లోపలికి తీసుకోమన్నది ముఖ్యంగా వేరు. ఉత్పత్తుల్లో ఆకు వాడొద్దని కేంద్ర ఆయుష్ శాఖ 2021లో తయారీదారులకు చెప్పింది. డబ్బా మీద "మొక్క సారం" అని మాత్రమే ఉండి, ఏ భాగమో రాయకపోతే దాన్ని పక్కన పెట్టడమే మంచిది.

అరిష్టం తాగేవాళ్ళకు ఇంకో మాట. అరిష్టం పులియబెట్టి చేసే మందు. అందులో దానంతటదే పుట్టిన ఆల్కహాల్ కొన్ని శాతాలు ఉంటుంది, సీసా మీద రాసే ఉంటుంది. డ్యూటీ ఎక్కేముందు డిపోలో బ్రీత్ అనలైజర్‌లో ఊదాల్సిన డ్రైవర్ ఆ గంటలో అరిష్టం తాగకూడదు. తాగుడు మానే ప్రయత్నంలో ఉన్న మనిషికైతే అది అసలే తగదు.

మోతాదు కన్నా ముందు అసలు ఆ మొక్క అదేనా అన్న ప్రశ్న ఒకటుంది. దీనికి సరస్వతి ఆకు కన్నా మంచి ఉదాహరణ లేదు. బాసరలో అక్షరాభ్యాసం చేయించిన పిల్లాడికి మాటలు తేటగా రావాలని తేనెతో ఈ ఆకు పెట్టే ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. మన దగ్గర సరస్వతి ఆకు అంటే మండూకపర్ణి. నేల మీద పాకుతుంది, ఆకు గుండ్రంగా, పాత నాణెం మీద ఒక పక్క గాటు పెట్టినట్టు ఉంటుంది. ఉత్తరాదిలో చాలాచోట్ల దీన్నే బ్రాహ్మి అంటారు. కేరళలో బ్రాహ్మి అంటే వేరే మొక్క. చెరువు అంచున, మడి గట్టు తడిలో పెరుగుతుంది. ఆకులు చిన్నవి, దళసరివి, పువ్వు లేత ఊదా కలిసిన తెలుపు. దీన్ని నీటి బ్రాహ్మి అనవచ్చు, శాస్త్రనామం బకోపా. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ ఏళ్ళ తరబడి పరిశోధించిన బకోసైడ్లు అనే పదార్థాలు ఈ రెండో మొక్కవి. 2001లో ఆస్ట్రేలియాలో 46 మంది ఆరోగ్యవంతుల మీద రోజుకు 300 మిల్లీగ్రాములతో జరిగిన పరీక్ష కూడా దీని మీదే. అందులో ఐదు వారాలకు ఏ తేడా కనపడలేదు. కొత్త విషయం పట్టుకునే వేగంలో, గాబరాలో తేడా 12 వారాలకు గానీ రాలేదు. అంటే ఒక మొక్క మీద వచ్చిన ఫలితాన్ని డబ్బా మీద వేసి, లోపల ఇంకో మొక్క అమ్మినా పేరు "బ్రాహ్మి" అనే ఉంటుంది. డబ్బా మీద శాస్త్రనామం ఉండటం ఎందుకు అవసరమో దీన్ని బట్టి తెలుస్తుంది. పరీక్ష దగ్గర పడ్డాక పది రోజులు వాడితే లాభం లేదనేదీ ఇక్కడే తెలుస్తుంది. గ్రూప్స్‌కు చదివే ఉద్యోగులు ఈ సంగతి గమనించాలి.

"మూలికే కదా, సైడ్ ఎఫెక్ట్ ఏముంటుంది" అన్న మాట మన దగ్గర చాలా గట్టిగా పాతుకుపోయింది. దానికి మన దేశపు చరిత్రలోనే జవాబు ఉంది. సర్పగంధ వేరు పిచ్చికీ, పామువిషానికీ వాడే నాటు మందు. 1931లో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ అనే ఇద్దరు బెంగాలీ వైద్యులు ఇది ఉన్మాదానికీ రక్తపోటుకూ పనిచేస్తుందని రాశారు. 1949లో బొంబాయి డాక్టర్ రుస్తుం జాల్ వకీల్ రక్తపోటు రోగులకు ఇచ్చి వచ్చిన ఫలితాలను బ్రిటిష్ వైద్య పత్రికలో ప్రచురించాక ప్రపంచం దీనివైపు చూసింది. 1952లో స్విట్జర్లాండ్ శాస్త్రవేత్తలు ఈ వేరు నుంచి రిసర్పిన్ అనే పదార్థాన్ని వేరు చేశారు. రెండేళ్ళలో అమెరికా మానసిక ఆస్పత్రుల్లో వాడటం మొదలుపెట్టారు. నాటు మూలిక ఆధునిక మందుగా నిలబడిన ఘనమైన కథ ఇది, తెలుగు పాఠ్యపుస్తకాల్లో ఉండాల్సింది.

కథ అక్కడితో అయిపోలేదు. రక్తపోటుకు రిసర్పిన్ వాడుతున్న కొందరిలో రంది మొదలైంది. మందు తగ్గించిన రక్తపోటుతో పాటు మనసు కూడా కిందికి జారింది. ఎందుకని చూస్తే ఈ పదార్థం మెదడులోని సెరటోనిన్, నార్ అడ్రినలిన్ నిల్వలను ఖాళీ చేస్తోందని బయటపడింది. ఆ లింకు మొదట్లో భయపడినంత బలమైనది కాదని తర్వాతి పరిశీలనలు చెప్పినా, డిప్రెషన్ అంటే ఏమిటో శాస్త్రం ఆలోచించిన తీరు ఈ వేరు వల్లే ఒక మలుపు తిరిగింది. మెదడు మీద నిజంగా పనిచేసే మూలిక మెదడుకు హాని కూడా చేయగలదు. ఏ హానీ చేయలేనిది ఏ మేలూ చేయలేదు.

మన ప్రాంతంలో దీనికి ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. చెట్టు నుంచి దించిన తాటికల్లు, ఈతకల్లు ప్రకృతి ఇచ్చినవే. కానీ దుకాణంలో దొరికే మందు కల్లులో కలిపేది అల్ప్రాజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటివి. సాయంత్రం రెండు సీసాలు తాగి హాయిగా నిద్రపోయే మనిషి తాగేది పేరుకు కల్లు, నిజానికి మోతాదు తెలియని నిద్రమాత్ర. దాడులు జరిగి కల్లు ఆగిపోయిన రోజుల్లో నిజామాబాద్ లాంటి చోట్ల జనం వణుకుతూ, పొంతనలేని మాటలు మాట్లాడుతూ, ఫిట్స్‌తో ఆస్పత్రులకు వచ్చింది అందుకే. ఈ అనుభవం మూలికల విషయంలో ఒక గుర్తు నేర్పాలి. అశ్వగంధ అయినా, బ్రాహ్మి అయినా నెమ్మదిగా, వారాల మీద పనిచేసేవి. వేసుకున్న మొదటి రాత్రే మొద్దునిద్ర పట్టించే పొడి ఏదైనా ఉంటే, అందులో మూలిక తప్ప ఇంకేదో ఉందని అనుమానించాలి. దాన్ని ఒక్కసారిగా మానేయడం కూడా ప్రమాదమే, డాక్టర్ చేత చూపించుకుని మానాలి. ఇక మందు కల్లు అలవాటున్న మనిషి, నిద్రమాత్రలు వాడే మనిషి పైనుంచి అశ్వగంధ కూడా తీసుకుంటే మత్తు మీద మత్తు. మర్నాడు యంత్రం దగ్గర నిలబడాల్సిన వాళ్ళకు అది ఎంత అపాయమో చెప్పక్కర్లేదు.

బుగులు దగ్గరికి వద్దాం. థైరాయిడ్ మాత్ర వేసుకునే ఆడవాళ్ళు ప్రతి వీధిలో ఉన్నారు. అశ్వగంధకు థైరాయిడ్ హార్మోన్‌ను పెంచే గుణం ఉంది. మాత్ర ఇచ్చే హార్మోన్‌కు ఇది తోడైతే గుండె దడ, చేతుల వణుకు, చెమటలు, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. అచ్చం బుగులు లాగే ఉంటుంది. నిర్మల్‌లోనో జగిత్యాలలోనో బీడీలు చుట్టే ఒక ఆడమనిషి ఇలా బుగులు పెరిగిందని చెంచాడు పొడి రెండు చెంచాలు చేస్తే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. షుగర్ మాత్రలు, బీపీ మాత్రలు వాడేవాళ్ళకూ ఇలాంటి జాగ్రత్తే కావాలి, అశ్వగంధ ఆ రెండింటినీ ఇంకొంత దించవచ్చు. గర్భిణులు వాడకూడదు. మేధ్య రసాయనాల్లో చెప్పిన అతిమధురం కూడా రోజూ ఎక్కువగా తింటే పొటాషియం తగ్గి బీపీ పెరుగుతుంది. బీపీ ఉన్నవాళ్ళు గొంతు కోసం చప్పరించే ముక్క సంగతి వేరు, నెలల తరబడి పొడి వాడటం వేరు.

కాలేయం సంగతి అరుదే కానీ దాచకూడదు. 2020లో ఐస్‌లాండ్, అమెరికా వైద్యులు అశ్వగంధ వాడిన ఐదుగురిలో కాలేయం దెబ్బతిన్న సంగతి ప్రచురించారు. మొదలుపెట్టిన 2 నుంచి 12 వారాల్లో కామెర్లు, విపరీతమైన దురద వచ్చాయి. ఎవరికీ కాలేయం పూర్తిగా చెడిపోలేదు. డెన్మార్క్ 2023లో అశ్వగంధను నిషేధించింది. వేల ఏళ్ళుగా మనం వాడుతున్నదాన్ని నిషేధించడం అతి అని ఇక్కడి వైద్యులు కొందరు అన్నారు, ఆ మాటలో న్యాయం ఉంది. కానీ వేల ఏళ్ళు మనం వాడింది పాలలో కలిపిన పొడి, కొన్ని వారాలు, వైద్యుడి కళ్ళ ముందు. ఏడాది పొడుగునా రోజూ గాఢమైన సారం గుళికలు మింగడం పాత అలవాటు కాదు. కళ్ళు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వస్తున్నా, ఒళ్ళంతా దురద పెట్టినా అదే రోజు ఆపి, కాలేయ పరీక్ష చేయించుకోవాలి. పరీక్షలు చాలావరకు రెండు మూడు నెలలవే కాబట్టి అంతకు మించి వాడటానికి గట్టి ఆధారం లేదు.

పసుపు గురించి ఒక్క మాట. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్ కేంద్రంగా మొదలైనప్పటి నుంచి పసుపు సారం డిప్రెషన్ తగ్గిస్తుందన్న ప్రచారం పెరిగింది. కొన్ని చిన్న పరీక్షల్లో ఆశ కలిగించే ఫలితాలు వచ్చిన మాట నిజమే. వాటిలో వాడినది రోజుకు 500 నుంచి 1000 మిల్లీగ్రాముల కర్కుమిన్. పసుపులో కర్కుమిన్ సుమారు 3 శాతం. అర చెంచా పసుపు పాలలో పడితే నలభై, యాభై మిల్లీగ్రాములు, అందులోనూ ఒంటికి పట్టేది చాలా తక్కువ. పసుపు పాలు తాగాలి, గొంతుకు హాయి, రాత్రిపూట మనసుకూ హాయి. దాన్ని మందు అనుకోవద్దు. మిరియాల సారం కలిపి ఒంటికి ఎక్కువ పట్టేలా చేసిన పసుపు గుళికలతో కాలేయం వాచిన కేసులు అమెరికాలో బయటపడ్డాయి, ఆర్మూరు రైతు పండించిన కొమ్ము తప్పు కాదది.

ఇంత చెప్పుకున్నాక ఆ గోదావరిఖని క్వార్టర్‌లోని గ్లాసు సంగతి చూస్తే, అతనికి పెన్నేరు హాని చేసే అవకాశం తక్కువే. మేలు చేసే అవకాశం కూడా తక్కువే. అతని నిద్ర చెడగొడుతున్నది మూడు సంగతులు. శరీరంలోని గడియారం వెలుతురును బట్టి నడుస్తుంది, పొద్దున ఇంటికొస్తూ కళ్ళ నిండా ఎండ చూసినప్పుడే అది "తెల్లారింది, లే" అంటుంది. అదే సమయానికి కార్టిసాల్ కూడా పైకి లేస్తుంది. షిఫ్ట్ చివర్లో నిద్ర ఆపుకోవడానికి తాగిన చాయ్ సగం బలం తగ్గడానికే ఐదు గంటలు పడుతుంది, అంటే తెల్లవారుజామున నాలుగింటికి తాగింది పొద్దున తొమ్మిదికి ఇంకా సగం లోపలే ఉంటుంది. చెంచాడు పొడి ఈ మూడింటితో పోటీ పడలేదు. చాయ్ రాత్రి రెండు లోపలే ఆపేయడం, ఇంటికొచ్చేటప్పుడు నల్ల కళ్ళద్దాలు పెట్టుకోవడం, కిటికీకి దళసరి దుప్పటి కట్టడం, ఇంట్లో వాళ్ళు ఒంటిగంట దాకా తలుపు తట్టకుండా చూడటం, ఇవన్నీ చేశాక కూడా నిద్ర రాకపోతే అప్పుడు పెన్నేరు గురించి ఆలోచించడంలో అర్థం ఉంది.

అతని చేతిలో లేనిది కూడా ఉంది. షిఫ్టులు మొదటిది, రెండోది, రాత్రిది అనే వరుసలో ముందుకు మారితే శరీరం తేలిగ్గా సర్దుకుంటుంది. వెనక్కి మారితే కష్టపడుతుంది. ఇది ఎప్పటినుంచో తెలిసిన సంగతే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో పనిచోట మానసిక ఆరోగ్యం మీద మార్గదర్శకాలు ఇచ్చినప్పుడు ముందు పెట్టింది పనిభారాన్ని, పనివేళలను మార్చడమే. డిప్రెషన్, ఆందోళనల వల్ల ప్రపంచంలో ఏటా 1,200 కోట్ల పనిదినాలు పోతున్నాయని ఆ సంస్థే లెక్క చెప్పింది. ఉద్యోగులకు యోగా దినాన చూర్ణం పొట్లాలు పంచే యాజమాన్యం షిఫ్ట్ చార్ట్ జోలికి పోకపోతే, బరువంతా మళ్ళీ ఆ కార్మికుడి మీదే పడుతుంది.

మూలిక వాడాలనుకునేవాళ్ళు ఇప్పుడు మింగుతున్న మాత్రల చీటీ, కొనాలనుకుంటున్న డబ్బా రెండూ తీసుకుని వెళ్ళి చూపించడం మంచిది. వరంగల్‌లో అనంతలక్ష్మి ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల ఉంది, ఎంజీఎం ఆస్పత్రి ఉంది. ఆయుర్వేద వైద్యుడికి ఇంగ్లిష్ మాత్రల సంగతి, ఇంగ్లిష్ డాక్టర్‌కు చూర్ణం సంగతి దాచడం మన దగ్గర మామూలైపోయింది, తిడతారని. అడిగినా అడగకపోయినా చెప్పేయాలి. పరేషాన్ అయితే వాళ్ళు రెండు నెలల గడువు పెట్టి చూద్దామనవచ్చు. బుగులు అయితే ముందు థైరాయిడ్, గుండె పరీక్షలు రాస్తారు. రెండు వారాలుగా తిండి సయించక, దేని మీదా మనసు లేక, చచ్చిపోతే బాగుండు అన్న ఆలోచన వస్తుంటే మాత్రం అది రంది. ఆ రాత్రి గ్లాసు పాల కోసం చూడకుండా 14416కు ఫోన్ చేయాలి. అది టెలీ మానస్, 2022 అక్టోబర్ నుంచి నడుస్తోంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. డిప్రెషన్ అన్న మాట నోటికి రాకపోతే "రంది పట్టుకుంది" అని మొదలుపెట్టినా చాలు.